ఎటూ పోని పడవ

ఆ కాలంలో మా సిరోంచవాళ్లకు నది అంటే ఒకటే అర్థం: అవతలి ఒడ్డు. ప్రాణహిత మీద వంతెన అప్పటికి లేదు. పెళ్లికైనా, పెద్దాసుపత్రికైనా, కాళేశ్వరం గుడికైనా, మంచిర్యాల బజారుకైనా పడవెక్కాల్సిందే. మనిషి పడవెక్కాడంటే అవతల ఏదో పనుందన్నమాట. పని లేకుండా పడవెక్కిన మనిషిని మా ఊరు అంతవరకూ చూసి ఉండదు. ఆ ముచ్చట తీర్చిన మొదటివాణ్ని నేనే. ఒక్కణ్నే ఎక్కి ఉంటే బాగుండేది, ఇంటిల్లిపాదినీ ఎక్కించాను. ఇన్నేళ్ల తర్వాత రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

అప్పుడు నాకు పాతికేళ్లు కూడా లేవు. పెర్మిలి దగ్గర ఒక అడవి పల్లెలో, జిల్లా పరిషత్ బడిలో, శిక్షణ్ సేవక్‌గా కొత్తగా చేరాను. (అంటే కొత్త మాస్టరు. సేవ అంతా పేరులోనే ఉండేది, మిగతాదంతా పిల్లలు నాకు చేసేవారు.) పిల్లలు గోండీలో మాట్లాడేవారు, పుస్తకం మరాఠీలో ఉండేది, నా కలలు మాత్రం తెలుగులో వచ్చేవి. ఆ కలల్లో తరచుగా నాగపూర్ చెరువు కనిపించేది. చదువుకోసం అక్కడున్నప్పుడు ఆదివారం సాయంత్రాలు గట్టు మీద పల్లీలు తింటూ కూర్చునేవాణ్ని. మొగుడూ పెళ్లాలూ, పిల్లలూ, కళ్లజోళ్ల ముసలమ్మలూ హంసల్లాంటి తొక్కుడు పడవలెక్కి, చెరువు నడుమదాకా పోయి, ఒకళ్ల మీద ఒకళ్లు నీళ్లు చల్లుకుని, తిరిగొచ్చి ఎక్కినచోటే దిగేవారు. ఎక్కినచోటే! నాకది గొప్ప నాగరికతగా తోచింది. ఇంటిముందు అంత పెద్ద నదిని పెట్టుకుని మావాళ్లు దాన్ని దాటడమే తప్ప దాని మీద సంతోషపడటం ఎరగరు కదా అని బాధపడ్డాను. ఉద్యోగం రాగానే వాళ్లను ఉద్ధరించాలని అక్కడే, ఆ పల్లీల పొట్లం సాక్షిగా, నిశ్చయించుకున్నాను.

దివాళీ సుట్టీలకు బడి మూసేస్తే ఇంటికొచ్చాను. భూపాలపల్లి నుంచి మా అక్క కూడా తన కొడుకునూ కూతురినీ తీసుకుని వచ్చింది. వచ్చీరాగానే అమ్మ నన్ను వేములవాడ తీసుకుపోయి గుండు కొట్టించింది. నాకు ఉద్యోగం వస్తే తల నీలాలిస్తానని మొక్కుకుందట. (తల నాది, మొక్కు ఆమెది.) గుండుతో ఊళ్లోకి రావడమే సిగ్గుగా ఉంటే, పడవ షికారుతో ఆ సిగ్గు మరిచిపోవచ్చనుకున్నాను. రాత్రి అన్నాల దగ్గర సంగతి బయటపెట్టాను.

"పడవెక్కి ఎటు పోతం?" అన్నాడు నాయిన.

"ఎటూ పోం నాయినా. నది నడుమదాక పోయి, జరసేపు తిరిగి, మళ్ల వస్తం."

"నడుమ ఏమున్నది?"

"నీళ్లు."

"నీళ్లు ఒడ్డుకు గూడ ఉన్నయి గద?"

అక్క పిల్లలు కిసుక్కుమన్నారు. నాకు కాస్త పౌరుషం వచ్చింది. "షికారంటరు నాయినా దాన్ని. నాగపూర్ల ఆదివారం ఆదివారం అందరు పోతరు, పిల్లాజెల్లతోని."

"పాపం, వాళ్లకు పొలాలు లెవ్వు కావచ్చు," అన్నాడు నాయిన నిజంగానే జాలిపడుతూ. "మీరు పోయి రాండ్రి. నేను రాను. వరి కోతకొచ్చింది."

"నీకు ఆ పొలం తప్ప లోకంల ఇంకోటి తెల్వది," అన్నాను. అనకుండా ఉండాల్సింది. నాయిన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

మర్నాడు ఆదివారం. మేం లేచేసరికే నాయిన సైకిలు మీద పొలానికి వెళ్లిపోయాడు. ఎటూ పోని ప్రయాణానికి ఏం సర్దాలో తెలియక అమ్మ తీర్థయాత్రకు సర్దినట్టు సర్దింది. స్టీలు డబ్బాలో పులిహోర, సంచిలో అప్పాలు, కొత్త మట్టికుండలో చల్ల. చల్ల తొణకకుండా కుండ మూతికి తెల్లబట్ట గట్టిగా కట్టింది. మా నాయినమ్మకు నీళ్లంటే చచ్చేంత భయం. అయినా ఆమె అందరికంటే ముందు తయారై గడపలో కూర్చుంది. కాళేశ్వరం పోతున్నామనుకుంది. కాదని ఆమెకు ఎవరం చెప్పలేదు. చెబితే మళ్లీ "నడుమ ఏమున్నది?" నుంచి మొదలుపెట్టాలి. ఇంటికి తాళం వేసుకుని బయలుదేరాం.

రేవులో పడవ మామను, అంటే మమ్మల్ని చిన్నప్పటినుంచీ దాటించే ఆయనను, పిలిచాను. ఆయన గెడ అందుకుంటూ "కాళేశ్వరమా?" అన్నాడు. కాదన్నాను. "మరి ఏ ఒడ్డుకు?" అంటే "ఈ ఒడ్డుకే" అన్నాను. ఆయన నావైపు, నా గుండువైపు చూసి, "నేను మరి ఎక్కడ ఆపాలె?" అన్నాడు. "నేను చెప్త" అన్నాను. "నువ్వు చెప్పుడు మర్చిపోతే?" అని నిజంగానే అడిగాడు. ఈ తతంగమంతా అర్థం చేయించి పడవ కదిలించేసరికి నా ఉత్సాహం సగానికి దిగింది.

నాగపూర్ చెరువు మీద కుటుంబాలు నవ్వుకుంటూ కనిపించేవి. మా కుటుంబం పడవలో బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చుంది. అమ్మ చల్లకుండను ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని, కళ్లు దాని మీదే ఉంచి, కదలకుండా ఉంది. అక్క ఒక చేత్తో కొడుకు చొక్కా, ఇంకో చేత్తో కూతురి జడ పట్టుకుని, "చెయ్యి నీళ్లల్ల పెట్టకు, కాలు నీళ్లల్ల పెట్టకు" అని జపం చేస్తోంది. నేను లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, "చూడండ్రి, ఎంత మంచిగున్నదో!" అని ప్రకృతిని వర్ణించబోయాను. పడవ ఊగింది. "కూసో సారూ," అన్నాడు పడవ మామ. సరిగ్గా అప్పుడే, పడవ కాళేశ్వరం వైపు కాకుండా పక్కకు మళ్లిందని నాయినమ్మ కనిపెట్టింది. "గుడి అటుంటే ఇటెందుకు మలిపిండు? ముంచుతరా ఏంది?" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని సన్నగా ఏడుపు అందుకుంది.

ఇదంతా ఒడ్డు మీద నుంచి ఒకాయన చూస్తున్నాడు. మాకు వరసకు చిన్నాయన. రేవు పైన టెలిఫోన్ బూత్ నడిపేవాడు. మా చుట్టాల్లో ఎవరికి నలతగా ఉన్నా, ఎవరింట్లో ఆవు ఈనినా, మొదట తెలిసేది ఆయనకు, తర్వాత ఆయన ద్వారా లోకానికి. మమ్మల్ని చూసి నీళ్ల అంచుదాకా దిగొచ్చాడు.

"కొడకా! అందరు గల్సి ఎటురా?" అని కేకేశాడు.

ఊకెనే, అంటే ఊరికే, అని అరవడానికి నాకు నోరు రాలేదు. నది నడుమకు చెయ్యి చూపించాను.

ఆయన మా పడవనంతా ఒకసారి పరకాయించి చూశాడు. గొంతు మారింది. "మీ నాయిన ఏడిరా?"

"నాయిన లేడు చిన్నాయనా! మేమే పోతున్నం!" అని నేను గొంతు చించుకుని అరిచాను.

మా నాయినమ్మ కూడా ఆ క్షణాన్నే ఎన్నుకుంది. ఈ మనవడి చేతిలో పడి నీళ్లపాలవుతున్నానని నిశ్చయించుకుని, తన కొడుకే ఉంటే ఇలా జరగనిచ్చేవాడా అన్న దుఃఖంతో, "నువ్వుంటె గిట్ల గానిస్తువా కొడుకో!" అని ఒక్క పెట్టున రాగం తీసింది.

ఒడ్డు మీద చిన్నాయన నిలువునా ఆగిపోయాడు. భుజం మీది తువ్వాల తీసి, మావైపు రెండు చేతులూ జోడించాడు. మా షికారుకు ఆయన ఇచ్చిన గౌరవానికి పొంగిపోయి నేను ఉత్సాహంగా చెయ్యి ఊపాను.

ఆ పడవ ఒడ్డు మీదివాళ్లకు ఎలా కనిపించి ఉంటుందో నాకు తర్వాత చాలాసార్లు కళ్లకు కట్టింది. గుండు చేయించుకున్న కొడుకు. ఒళ్లో తెల్లబట్ట కట్టిన మట్టికుండతో తలెత్తని అమ్మ. కొడుకును తలుచుకుని ఏడుస్తున్న ముసలమ్మ. ఇంటిమనుషులంతా ఉన్నారు, ఇంటాయన ఒక్కడే లేడు. మా దగ్గర కుటుంబమంతా కలిసి నది నడుమకు పోయేది అస్థికలు కలపడానికే. ఇంకెందుకూ పోరు. ఆ సంగతి నాకు తెలియదా? తెలుసు. కానీ నా మనసు నిండా హంస పడవలున్నాయి.

మేం ఒక ఇసుక తిన్నె మీద దిగాం. నిజం చెప్పొద్దూ, ఆ రెండు మూడు గంటలూ బాగానే గడిచాయి. పిల్లలు ఇసుకలో బొర్లాడారు. కాలికింద నేల తగిలేసరికి నాయినమ్మకు ప్రాణం లేచొచ్చి, మోకాళ్ల లోతులో స్నానం చేసి, పులిహోర రెండుసార్లు పెట్టించుకుంది. అమ్మ చల్ల పోస్తూ, "మీ నాయిన గూడ వస్తె మంచిగుండు," అంది. చూస్తుండగా సిరోంచ ఒడ్డున జనం చేరడం కనిపించింది. మొదట నలుగురు, తర్వాత రేవు మెట్ల నిండా. నేను గర్వంగా అక్కతో అన్నాను: "చూసినవా? మనల్ని చూసి నేర్చుకుంటున్నరు. వచ్చే ఆదివారం ఇగ ఊరంత పడవల్లనే ఉంటది."

తిరిగి ఒడ్డు చేరేసరికి అక్కడ ఎవరూ మాట్లాడటం లేదు. మగవాళ్లు తలల మీది తువ్వాలలు తీసి పట్టుకున్నారు. నేను దిగగానే ఒక పెద్దాయన నన్ను గట్టిగా వాటేసుకుని, "ధైర్యం జెయ్యాలె బిడ్డా. ఇగ ఇంటికి పెద్దదిక్కు నువ్వే," అన్నాడు. పడవ ఊగినందుకు ఇంత పరామర్శా అనుకున్నాను. ఇంతలో మా వాడకట్టు ఆడవాళ్లు అమ్మను పట్టుకుని గొల్లుమన్నారు. అమ్మ బిత్తరపోయి, ఖాళీ కుండ చేతిలో పట్టుకుని, "ఎవలు పోయిండ్రు? ఎవలు?" అంది.

"అయ్యో, మతి తప్పింది పాపం," అంది ఒకామె వెనకనుంచి.

"వదినా, దాచుకోకు, ఏడువు," అన్నాడు చిన్నాయన కళ్లు తుడుచుకుంటూ. "వరంగల్ దవాఖానల పోయిండట గద అన్న. మాకు ఒక్క మాట చెప్పకపోతిరి."

అమ్మ కుండ కింద పెట్టింది. "పొద్దుగాల పొలానికి పోయిండు," అంది మెల్లగా. "మీకు ఎవలు చెప్పిండ్రు? పొలంల ఏమన్న అయ్యిందా?"

అంతవరకూ హాస్యమే. అమ్మ ఆ ప్రశ్న అడిగాక కాదు. వీళ్లకేదో తెలిసింది, మాకే తెలియలేదు అనుకున్నాను. పొలంలో పాములుంటాయి, కరెంటు మోటరుంటుంది. రాత్రి అన్నాల దగ్గర నేనన్న మాట చెవిలో మోగింది. నాయిన చెయ్యి కడుక్కుని లేచిపోవడం కనిపించింది. అమ్మ అప్పటికే మెట్లెక్కి పరుగెత్తుతోంది. చెప్పులు రేవులోనే ఉండిపోయాయి. వెనక నేను, నా వెనక పిల్లలతో అక్క, మా వెనక ఊరు. వరంగల్ ఏమిటి, ఎవరు చెప్పారు అని ఆగి అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

మా ఇంటిముందు అప్పటికే జనం. తాళం వేసిన తలుపు చూసి వాళ్లకు అనుమానం తీరిపోయిందట. మూల మీది హోటలాయన మాత్రం "పొద్దున్నే నా దగ్గర చాయ్ తాగి పోయిండే," అన్నాడట. "అది నిన్న కావచ్చు, మంచిగ యాది జేసుకో," అని నలుగురు గట్టిగా అడిగేసరికి, ఆయన కూడా నిన్నేనని ఒప్పుకున్నాడట. వరంగల్ దవాఖాన ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. శవాన్ని ఎవరూ చూడలేదు గనుక ఎక్కడో దూరాన పోయి ఉండాలని ఎవరో తర్కించి ఉంటారు.

మేం ఇంటి సందు తిరిగేసరికి అంకీస వైపు నుంచి వచ్చిన జీపు ఒకటి ఆగింది. అందులోంచి అంకీసలో ఉండే మా మేనత్త దిగింది. నాయినకు ఒక్కతే చెల్లెలు. మా అక్క పెళ్లిలో, ఆమె చీర మార్చుకోవడానికి లోపలికి పోయినప్పుడు నాయిన ఫొటోగ్రాఫర్‌తో "కానియ్యి, పొద్దు పోతున్నది," అన్నాడు. కుటుంబం ఫొటో ఆమె లేకుండానే దిగారు. అప్పటినుంచి అత్త మా గడప తొక్కలేదు, అన్నతో మాట్లాడలేదు. ఇప్పుడు జుట్టు విరబోసుకుని, గుండెలు బాదుకుంటూ సందులో పడింది. "ఒక్క ఫొటోకు అలిగితి గదనే అన్నా! అంకీస నుంచి నడిసొచ్చినా నిన్ను చూస్తును గదనే అన్నా! ఇగ ఎవలతోని అలగాలె అన్నా!"

ఆ ఏడుపుకు అందరూ ఏడ్చారు. పొలం గట్టు దగ్గర నాయినతో రోజూ పోట్లాడే పక్క రైతు కూడా ఏడ్చాడు. నేనూ ఏడ్చేవాణ్నే, కానీ అప్పుడే గుంపు ఆ చివర, వెనక పచ్చగడ్డి మోపు కట్టుకుని సైకిలు నడిపించుకుంటూ ఒకాయన వచ్చి, దారి లేక ఆగిపోవడం కనిపించింది. ఆయన ముందున్న మనిషి భుజం తట్టి, "ఎవలు పోయిండ్రే?" అని నెమ్మదిగా అడిగాడు.

ఆ మనిషి వెనక్కి తిరగకుండానే, "ఇగో, గీ ఇంటాయననే. మంచోడు పాపం," అన్నాడు.

"ఎప్పుడు?" అన్నాడు మా నాయిన.

అప్పుడతను వెనక్కి తిరిగాడు. తర్వాత ఒకరి తర్వాత ఒకరు అందరూ తిరిగారు. ఏడుపు ముందు ఆ చివర ఆగింది, తర్వాత ఈ చివర ఆగింది. అత్త ఒక్కతే తల వంచుకుని ఇంకా రాగం తీస్తోంది. ఎవరో ఆమె భుజం పట్టి తిప్పారు. అన్నను చూసింది. ఒక క్షణం కొయ్యబారిపోయింది. ఆ తర్వాత జనాన్ని తోసుకుంటూ పోయి, రెండు చేతులతో ఆయన వీపు మీద, భుజాల మీద, గడ్డిమోపు మీద, ఎక్కడ పడితే అక్కడ కొట్టింది.

"బతికున్నవా? బతికుండి నన్ను ఏడిపిస్తివా? నేనేడ్చిన ఏడుపు నాకు ఎవలు మళ్ల ఇస్తరు?"

నాయిన సైకిలు పడిపోకుండా పట్టుకుని, ఎందుకు కొడుతోందో తెలియకపోయినా, కొట్టినన్ని దెబ్బలూ తిని, "తప్పయింది చెల్లె," అన్నాడు.

అమ్మ వచ్చి నాయిన మోచెయ్యి ఒకసారి పట్టుకుని చూసి, అరుగు మీద కూలబడింది.

ఆ తర్వాత విచారణ జరిగింది. చిన్నాయన ఊరందరి ముందూ నావైపు వేలు చూపించి, "వీడే గద చెప్పింది! నాయిన లేడు అని అరిచిండా లేదా? అడుగుండ్రి!" అన్నాడు. అరిచానని ఒప్పుకున్నాను. ఎందుకు అరిచావన్నారు. షికారని చెప్పాను. "షికారంటే?" అన్నారు. ఆ గుంపు మధ్య, గుండుతో, నాగపూర్‌లో ఎక్కినచోటే దిగే పడవల గురించి నేను చేసిన ఉపన్యాసం తలుచుకుంటే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "సదువుకున్నోడు," అని ఒకాయన మాత్రం పక్కాయనతో మెల్లగా అన్నాడు. చిన్నాయన పరేషాన్‌గా బూత్‌కు పరుగెత్తి, పొద్దున ఎవరెవరికి ఫోన్ చేశాడో అందరికీ మళ్లీ చేయడం మొదలుపెట్టాడు. కొందరు నమ్మలేదట. నమ్మినవాళ్లలో కొందరు, అప్పటికే బస్సెక్కడానికి తయారైనవాళ్లు, కోప్పడ్డారట.

మా దగ్గర చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగు వండి తెస్తారు. అప్పటికే నాలుగిళ్ల నుంచి గిన్నెలొచ్చి మా అరుగు మీద కూర్చున్నాయి. తెచ్చినవి తిరిగి పట్టుకుపోవడం బాగుండదని అందరూ అన్నారు. పొద్దు వాలుతుండగా అరుగు మీదే విస్తళ్లు వేసి, తన చావుకు వచ్చిన అన్నం మా నాయిన అందరికంటే ముందు తిన్నాడు. పక్కన అత్త కూర్చుని, ముక్కు చీదుతూ, తిడుతూ, ఆయన విస్తట్లో కూర వేసింది. "వంకాయ ఎవలు వండిండ్రు? మంచిగున్నది," అన్నాడు నాయిన. వండినామె పొలం గట్టు రైతు భార్య. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుతో మిగతావాళ్లకూ ధైర్యం వచ్చింది.

నేను ఆ నవ్వులో కలవలేక గోడ పక్కన నక్కి కూర్చున్నాను. నాయిన పిలిచి పక్కన విస్తరి వేయించాడు. తిడతాడనుకుని తల వంచుకున్నాను. కొట్టినా బాగుండుననుకున్నాను. ఆయన రెండు ముద్దలు తిని, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగాడు:

"షికారు మంచిగ అయ్యిందారా?"

తలూపాను. అంతవరకూ భయపడి మూల కూర్చున్న అక్క కొడుకు ఇదే అదనని వచ్చి నా భుజం గుంజుతూ, "మామా, రేపు గూడ పోదమా?" అన్నాడు.

నా సిగ్గు ఆ ఊరితో ఆగలేదు. ఎర్ర బస్సు కండక్టర్ నాయిన పోయాడన్న వార్తను మోసుకుపోయి పెర్మిలిలో దించాడు. దాన్ని సరిదిద్దే వార్త మాత్రం బస్సు దొరక్క ఆగిపోయింది. సుట్టీలు అయిపోయి నేను బడికి చేరేసరికి ప్రార్థన దగ్గర మౌనం పాటించి, బడి వదిలేశారు. నా గుండు చూసి హెడ్ మాస్టరు కళ్లు తుడుచుకున్నారు. నాయిన బతికే ఉన్నాడని చెప్పడానికి, మరాఠీలో, నాకు చాలాసేపు పట్టింది. ఇంటిదారి పట్టిన పిల్లలు దూరం నుంచే సంగతి విని, మళ్లీ బడి పెడతారేమోనని పరుగు లంకించుకున్నారు.

అత్త ఆ రోజు అంకీస వెళ్లలేదు. వారం రోజులుండి, వెళ్లేముందు ఫొటోగ్రాఫర్‌ను పిలిపించి, అన్నను పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో దిగి మరీ వెళ్లింది. అప్పటినుంచి ప్రతి దివాళీకి వస్తోంది. ఇప్పుడు కళ్లు సరిగా కనిపించవు, అయినా వస్తుంది. వచ్చినప్పుడల్లా నా పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఈ కథ చెబుతుంది. ఏటేటా కథకు కొంచెం చేరుస్తుంది. పోయినేడు పడవలో నాయినమ్మ మూర్ఛపోయింది. ఈ యేడు నేను కూడా పడవలో వెక్కి వెక్కి ఏడ్చాను. నేను ఏడవలేదు, చెయ్యి ఊపాను. పిల్లలు నిజమేనా అన్నట్టు నావైపు చూస్తారు. నేను సరిదిద్దను. అలా ఒడ్డు వైపు సంతోషంగా చెయ్యి ఊపుతున్న ఆ కుర్రాణ్ని ఎవరికీ చూపించకుండా నా దగ్గరే దాచుకుంటాను.